చోక్ లాగితేనే నడుస్తున్న బోటు ఇంజిను: రింగుల దాకా వెళ్ళేముందు చూడాల్సినవి

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది. 9.9 హార్స్‌పవర్ రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ పెట్రోలు ఔట్‌బోర్డు, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజిను. మార్చి నెలాఖర్లో ఫైబర్ బోటు ఒడ్డుకెక్కించి, సముద్రంలో చేపల వేట నిషేధం జూన్ 14తో అయిపోయాక నెలాఖరుకి దించారు. నాలుగైదు లాగులకి స్టార్టవుతోంది. చోక్ లాగి ఉంచినంతసేపే నడుస్తోంది, తోసేస్తే ఆగిపోతోంది. రేసు ఇస్తే అందుకోకుండా కూలబడుతోంది. కొత్త ప్లగ్గులు వేసినా తేడా లేదు. మెకానిక్కేమో పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిను విప్పాలి అంటున్నాడు. విప్పించాలా?

ఇప్పుడే విప్పించకండి. చోక్ అంటే గాలి దారి మూసి పెట్రోలు ఎక్కువ లాగించడమే. చోక్ లాగితే ఇంజిను కుదురుకుంటోందంటే దానికి పెట్రోలు చాలడం లేదన్నమాట. రింగులు పోయిన ఇంజిను చోక్‌తో బాగుపడదు. చోక్ ఉన్నా లేకపోయినా బలహీనంగానే ఉంటుంది. పైగా నిషేధానికి ముందు బాగా నడిచిన ఇంజినుకి ఒడ్డున కూర్చున్నంత మాత్రాన రింగులు అరగవు. జిగురు పట్టి అంటుకోవచ్చు, ఆ సంగతి కింద చెప్తాను. మీరు చూడాల్సింది వరసగా మూడు: ట్యాంకులో పెట్రోలు, ట్యాంకు నుంచి ఇంజిను దాకా పైపు, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ లోపలి జెట్లు, అంటే పెట్రోలు కొలిచి వదిలే సన్నని బెజ్జాల ఇత్తడి ముక్కలు. మీరు చెప్పిన లక్షణాలకి జెట్ల మీదే నా అనుమానం ఎక్కువ. అయినా పెట్రోలుతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే పాడైన పెట్రోలు ట్యాంకులో ఉంచి కార్బొరేటర్ కడిగితే మళ్ళీ వారానికే అదే గతి.

ఈలోగా చోక్ సగం లాగి వేటకి మాత్రం వెళ్ళొద్దు. టూ స్ట్రోక్‌లో ఆయిలు వచ్చేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, పైగా పలచని మిశ్రమం వేడిగా మండుతుంది. సగం చోక్‌తో స్లోలో బాగున్నట్టే ఉంటుంది. ఫుల్ రేసులో అరగంట నడిపితే పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది. అప్పుడు రింగుల గురించి మీ మెకానిక్ అన్న మాట నిజమవుతుంది.

ముందు పెట్రోలు. ట్యాంకు అడుగు నుంచి ఒక అర లీటరు తెల్లటి గాజు సీసాలోకి తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఒక హద్దు దాకా కలుపుకుని ఉంచుతుంది, ఆ హద్దు దాటాక నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. ట్యాంకులో లాగే గొట్టం ఉండేదీ అడుగునే. టూ స్ట్రోక్ ఆయిలు ఆ కింది పొరలో కరగదు, పై పెట్రోలులోనే ఉండిపోతుంది. కాబట్టి అలా విడిపోయిన ట్యాంకుతో స్టార్ట్ చేస్తే ఇంజినుకి ముందుగా అందేది ఆయిల్లేని నీళ్ళ ఇథనాలే.

సీసాలో అడుగున వేరే పొర కనిపించినా, పెట్రోలు మబ్బుగా ఉన్నా, ముక్కుకి వార్నిష్ వాసన కొట్టినా దాన్ని వాడకండి. కొత్త పెట్రోలు కలిపితే సరిపోతుంది అనుకోవద్దు. విడిపోయిన పెట్రోలు కుదిపినా నిలకడగా కలవదు. ఇసుకలో పారబోయకుండా వాడిన ఆయిలు తీసుకునే వర్క్‌షాపులో ఇచ్చేయండి. ట్యాంకు కొంచెం కొత్త పెట్రోలుతో కడిగి, నీడలో మూత తీసి ఆరనివ్వండి. పొగతాగేవాళ్ళని దూరంగా ఉంచండి.

కొత్తది కలిపేటప్పుడు మీ మాన్యువల్లో ఉన్న పాళ్ళే. ఈ సైజు ఇంజిన్లలో చాలావాటికి 50కి 1, అంటే 10 లీటర్ల పెట్రోలుకి 200 మి.లీ. ఆయిలు. ఆయిలు డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. పాత స్కూటర్లకి పోసే 2టీ ఆయిలు చవక అని పోయొద్దు. అది గాలితో చల్లబడే ఇంజినుకి తయారైంది, నీళ్ళతో చల్లబడే ఇంజిన్లో మసి, జిగురు పెంచుతుంది. మెషీన్ బాగోలేదు కదా అని ఆయిలు ఎక్కువ పోయడం కూడా తప్పే. ఆయిలు పెరిగితే ఆ మేర పెట్రోలు తగ్గి మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది, ప్లగ్గులూ తడుస్తాయి.

ఇక పైపు. అన్నిటికంటే తేలికైన పరీక్ష ఏమిటంటే, పక్క బోటులో బాగా నడుస్తున్న ట్యాంకూ పైపూ, పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బూ మొత్తంగా తెచ్చి మీ ఇంజినుకి తగిలించడం. కనెక్టర్ ఒకే రకం అయ్యుండాలి, అంతే. దానితో కుదురుకుంటే తప్పు మీ ట్యాంకులోనో పైపులోనో ఉంది, కార్బొరేటర్ ముట్టుకోనక్కర్లేదు. కుదురుకోకపోతే సగం అనుమానాలు తీరిపోయినట్టే.

అలాంటి ట్యాంకు దొరకకపోతే ఇలా చూడండి. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ పూర్తిగా తెరిచి ఉందా? చాలామంది ఒడ్డుకెక్కించేటప్పుడు బిగించి, దించేటప్పుడు మర్చిపోతారు. బల్బుని బాణం గుర్తు పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని నొక్కండి. నాలుగైదు నొక్కులకి రాయిలా గట్టిపడి అలాగే నిలవాలి. గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బల్బు లోపలి వాల్వులు పోయాయి, లేదా కార్బొరేటర్లోకి పెట్రోలు రాకుండా ఆపే నీడిల్ వాల్వు మూసుకోవడం లేదు. ఈ మూడోదైతే కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతూ కనిపిస్తుంది.

ఇంజిను నడుస్తుండగా బల్బు పీల్చుకుపోయి చప్పగా అతుక్కుంటే, బల్బుకి ట్యాంకు వైపున అడ్డం ఉంది: గాలి స్క్రూ, లాగే గొట్టం కొన జల్లెడ, లేదా పైపు లోపలి పొర. ఎండలో పడి ఉన్న పైపు పైకి బాగానే కనిపిస్తుంది. లోపలి పొర మాత్రం ఊడి, పెట్రోలు లాగినప్పుడు ముడుచుకుని దారి మూసేస్తుంది. అలాంటి పైపుకి మరమ్మతు లేదు, మార్చడమే.

ఇంకొక ముఖ్యమైన గుర్తు: చోక్ తోసేసి ఇంజిను పడిపోతున్న క్షణంలో ఒకరు బల్బు నొక్కుతూ ఉండండి. అలా నొక్కుతుంటే ఇంజిను నిలబడి రేసు అందుకుంటే, పైపులో గాలి లాగుతోందన్నా అయి ఉండాలి, ఇంజిను పక్కనున్న పెట్రోలు పంపు లోపలి పల్చని పొర (డయాఫ్రం) గట్టిబారి ఉందన్నా అయి ఉండాలి. కనెక్టర్ లోపలి చిన్న ఓ-రింగులు కూడా చూడండి. బయటికి చుక్క కూడా కారదు, లోపలికి మాత్రం గాలి లాగుతుంది. డయాఫ్రం విప్పితే వెలుతురుకి పట్టి చూడండి. సూది బెజ్జం ఉన్నా, వంచితే ముడత నిలిచిపోయినా కిట్ మార్చాలి. డయాఫ్రం చిల్లు పడితే పెట్రోలు క్రాంక్ కేసులోకి పోయి ఒక సిలిండర్ ప్లగ్గు ఎప్పుడూ తడిగా ఉంటుంది. రెండు ప్లగ్గుల్లో ఒకటే తడిగా ఉంటే అది గుర్తుపెట్టుకోండి.

బల్బు నొక్కినా మార్పు లేకపోతే తప్పు కార్బొరేటర్ లోపలే. దీనికి కాస్త ఓపిక కావాలి.

ముందు కార్బొరేటర్ కింద ఉండే పెట్రోలు గిన్నె డ్రెయిన్ స్క్రూ విప్పి వచ్చినది తెల్లటి మూతలో పట్టండి. పచ్చగా, జిగటగా ఉంటే పెట్రోలు ఆవిరైపోయి మిగిలిన జిగురు. తెల్లటి పొడి ఉంటే నీళ్ళు చేరి అల్యూమినియం తినేసినట్టు. పచ్చ జిగురు క్లీనర్‌తో పోతుంది. తెల్ల పొడి గుంటలు పెట్టి ఉంటే, ముఖ్యంగా నీడిల్ వాల్వు కూర్చునేచోట, ఎంత కడిగినా లాభం ఉండకపోవచ్చు.

కార్బొరేటర్ దించాక దాని ఎయిర్ స్క్రూ (స్లో మిశ్రమం సరిచేసేది, ట్యాంకు మూత మీది గాలి స్క్రూ కాదు) విప్పేముందు ఒక పని చేయండి. దాన్ని నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆనుతుందో రాసుకోండి. ఆనగానే ఆపాలి, బిగిస్తే కొన దెబ్బతింటుంది. మళ్ళీ పెట్టేటప్పుడు ఆ చుట్లకే వెనక్కి తిప్పాలి. గిన్నె విప్పి పెట్రోలులో తేలే ఫ్లోటు, నీడిల్, మెయిన్ జెట్టు, స్లో జెట్టు తీసి తెల్ల గుడ్డ మీద విప్పిన వరసలో పెట్టండి. ఫ్లోటు నాలుకని వంచకండి, పెట్రోలు మట్టం దానితోనే కుదురుతుంది. ఫ్లోటు ఊపి చూడండి, లోపల పెట్రోలు చప్పుడైతే మార్చాలి.

జెట్టుని ఆకాశం వైపు పట్టి ఒక కన్నుతో చూడండి. బెజ్జం గుండ్రంగా, అంచు శుభ్రంగా కనిపించాలి. వెలుతురు కనిపించినంత మాత్రాన సరిపోదు. అంచున సన్నని జిగురు వలయం ఉన్నా పెట్రోలు తగ్గుతుంది, మీ ఇంజినుకి జరిగింది సరిగ్గా అదే అయి ఉండొచ్చు. స్లో జెట్టు బెజ్జం మరీ సన్నం, పక్కల చిన్న చిల్లులు కూడా ఉంటాయి, అన్నిటికంటే ముందు మూసుకుపోయేది అదే. స్లో జెట్టు మూసుకుంటే స్లోలో ఆగిపోతుంది, మెయిన్ జెట్టు మూసుకుంటే రేసులో కూలబడుతుంది. మీకు రెండూ ఉన్నాయి కాబట్టి రెండిటినీ అనుమానించండి.

స్టీలు తీగ, గుండుసూది, డ్రిల్ బిట్టు జెట్లో పెట్టొద్దు. ఇత్తడి మెత్తన, ఒక్క గీత పడినా బెజ్జం పెద్దదై లెక్క తప్పుతుంది. మీ దగ్గర ఎలాగూ ఉండే తంగూసు సన్నని ముక్క చాలు. ముందు కార్బొరేటర్ క్లీనర్‌లో ఒక గంట నానబెట్టి, తర్వాత తంగూసు పోనిచ్చి, గాలి కొట్టండి. రబ్బరు ఓ-రింగులు, ఫ్లోటు ఆ క్లీనర్‌లో పడేయకండి, ఉబ్బిపోతాయి. కళ్ళకి అద్దాలు పెట్టుకోండి. ఒక బెజ్జంలో కొడితే ఇంకో బెజ్జం నుంచి నేరుగా మొహం మీదికి వస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది వదిలేసేది బాడీ లోపలి దారులు. జెట్లు తళతళలాడేలా కడిగి, బాడీని తుడిచి బిగించేస్తారు, ఇంజిను మళ్ళీ అలాగే ఉంటుంది. ఎయిర్ స్క్రూ ఉండే బెజ్జంలో స్ప్రే గొట్టం గట్టిగా ఆనించి కొట్టండి. లోపల త్రాటిల్ రేకు అంచు దగ్గరున్న సన్నని చిల్లులన్నిటి నుంచీ ధార రావాలి. ఒక దాని నుంచి రాకపోయినా మళ్ళీ నానబెట్టాలి. ఆ చిల్లులే స్లో నుంచి రేసుకి మారేటప్పుడు పెట్రోలు అందించేవి. అవి మూసుకుంటే, రేసు తిప్పగానే ఒక్క క్షణం గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది.

బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్ వేయండి. పాతదానికి సిలికాన్ పూసి పెడితే, ఆ సిలికాన్ ముక్కే ఊడి రేపు జెట్లో కూర్చుంటుంది. మెయిన్ జెట్టు మీద ఉన్న నంబరు రాసుకోండి, మార్చాల్సొస్తే అదే నంబరు తెప్పించుకోండి. "పెట్రోలు చాలట్లేదు కదా, పెద్ద జెట్టు వేద్దాం" అనే సలహా ఎవరైనా ఇస్తే వినొద్దు. మూసుకున్న దారి మూసుకునే ఉంటుంది, మిగతా చోట్ల లెక్క తప్పుతుంది.

తర్వాత డ్రమ్ములో పరీక్షించండి. 200 లీటర్ల డ్రమ్ములో మంచినీళ్ళు పోసి, ఫ్యాను (ప్రొపెల్లర్) పైనున్న పలక మునిగేదాకా నీళ్ళు ఉండాలి. ఫ్యాను తీసేసి, గేరు న్యూట్రల్లో ఉంచి స్లోలో నడపండి. నీళ్ళు లేకుండా ఒక్క అర నిమిషం కూడా ఆడించొద్దు, చల్లబరిచే నీళ్ళు లాగే పంపు చక్రం (ఇంపెల్లర్) రబ్బరు కాలిపోతుంది. డ్రమ్ములో ఫుల్ రేసు ఇవ్వొద్దు. రేసు పరీక్ష నీళ్ళల్లోనే, బోటు కట్టేసి కాదు, ఒడ్డుకి దగ్గరగా నడుపుతూ చేయాలి.

ఇవన్నీ చేశాక కూడా చోక్ లేకుండా నిలవకపోతే, పెట్రోలు సరిగ్గానే వస్తున్నా గాలి ఎక్కువ వస్తోందేమో చూడాలి. కార్బొరేటర్ ఇంజినుకి కలిసేచోట ప్యాకింగ్ చుట్టూ గ్రీజు దట్టంగా పూయండి. దానితో ఇంజిను మాట మారితే ఆ ప్యాకింగే దొంగ. మారకపోతే ఇంజిను లోపలి క్రాంక్ షాఫ్టు చివర్లనున్న రబ్బరు సీళ్ళు గట్టిబడి గాలి లాగుతుండొచ్చు. అప్పుడు మాత్రం ఇంజిను విప్పాల్సిందే.

కరెంటు సంగతి. కొత్త ప్లగ్గులు వేశారు కాబట్టి నంబరు సరిపోయిందో లేదో చూడండి. ఈ తరగతి యమహా ఇంజిన్లలో చాలావాటికి ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్-10, గ్యాపు 1 మి.మీ. దగ్గర. వేరే కంపెనీది అయితే మాన్యువల్ చూడాలి. ఒక్కొక్క ప్లగ్గు బాడీకి ఆనించి తాడు లాగితే నీలంగా, చిటపటమని రావాలి. సన్నగా పసుపుగా వస్తే బలం లేనట్టు. ప్లగ్గు ఆనించకుండా క్యాపు గాల్లో వదిలేసి లాగొద్దు, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే సీడీఐ యూనిట్ పోతుంది. ఈ పరీక్షకి ముందు పెట్రోలు ఆవిరి లేకుండా చూసుకోండి.

ఉప్పుగాలిలో ఉన్న ఇంజిన్లలో స్టాప్ స్విచ్చి లోపల పచ్చగా చిలుము పట్టి, కరెంటు కొంచెం కొంచెంగా బాడీకి పోతుంటుంది. లక్షణం మిస్ కొట్టడమే, అదీ రేసులో. స్టాప్ వైరు కనెక్టర్ విప్పి డ్రమ్ములో ఒకసారి నడిపి చూడండి. బాగైతే స్విచ్చి మార్చాలి. వైరు విప్పినప్పుడు స్విచ్చితో ఇంజిను ఆగదు, చోక్ పూర్తిగా లాగి ఆపాలి. ఆ వైరు విప్పేసి వేటకి వెళ్ళడం మాత్రం ప్రాణాలకే ముప్పు. మనిషి జారి నీళ్ళల్లో పడితే, ఒంటికి కట్టుకున్న స్టాప్ స్విచ్చి తాడు (లాన్యార్డు) లాగినా ఇంజిను ఆగదు.

ఇప్పుడు మీ మెకానిక్ మాట. దాన్ని తేల్చడానికి ఇంజిను విప్పనక్కర్లేదు, సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి చాలు. రెండు ప్లగ్గులూ తీసి, క్యాపులు పాత ప్లగ్గులకి తగిలించి బాడీకి ఆనించి, లాన్యార్డు తీసేసి, రేసు పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కి ముల్లు ఆగేదాకా నాలుగైదుసార్లు తాడు లాగండి. అంకె ఎంతన్నది మోడల్ని బట్టి, గేజిని బట్టి మారుతుంది. కిరోసిన్ మీద నడిచే మోడళ్ళకి మామూలుగానే తక్కువ. చూడాల్సింది రెండిటి మధ్య తేడా. రెండూ మరీ తక్కువ కాకుండా, తేడా 10 శాతం లోపు ఉంటే రింగుల మాట పక్కన పెట్టేయొచ్చు. ఒకటి బాగా తక్కువ ఉంటే, ఆ సిలిండర్లో ఒక చెంచా టూ స్ట్రోక్ ఆయిలు పోసి, రాత్రంతా ఉంచి, పొద్దున్న ప్లగ్గులు లేకుండా కొన్నిసార్లు లాగి మళ్ళీ కొలవండి. ఆయిలు ఉండగా పెరిగి, నడిపాక కూడా నిలబడితే జిగురుకి అంటుకున్న రింగు వదిలినట్టు. నడిపాక మళ్ళీ తగ్గిపోతే అరుగుదలే. కొలత చూపించకుండా రింగులు పోయాయంటే, గేజి పెట్టి చూపించమని అడగడంలో తప్పులేదు.

ఇంజిను కుదురుకున్నాక నీళ్ళ సంగతి చూడకుండా సముద్రంలోకి వెళ్ళకండి. పక్క చిల్లులోంచి నీటి ధార బలంగా రావాలి. సన్నగా వస్తే ముందు బయటి నుంచి తంగూసుతోనే ఉప్పు పొడవండి. అయినా సన్నగా ఉంటే ఇంపెల్లర్. నెలల తరబడి ఒకే వైపు వంగి ఉన్న రబ్బరు రెక్కలు అలాగే బిగుసుకుపోతాయి. విప్పినప్పుడు షాఫ్టు మీది చిన్న కీ ఇసుకలో పడకుండా కింద గుడ్డ పరవండి. గేరు ఆయిలు కింది స్క్రూ కొంచెం వదిలి చూడండి. ముందు నీళ్ళు వచ్చినా, ఆయిలు పాలలా తెల్లగా ఉన్నా సీలు పోయింది. పట్టేది సుమారు పావు లీటరే, ఖర్చుకి వెనకాడొద్దు. నింపేటప్పుడు కింది చిల్లు నుంచి పైకి నింపాలి, పై నుంచి పోస్తే గాలి ఉండిపోతుంది.

ఇదంతా పెట్రోలు ఔట్‌బోర్డుకి. పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజిను ఉన్నవాళ్ళు ఇందులో కార్బొరేటర్ మాట మర్చిపోండి. మీకు ఫిల్టర్లో చేరిన నీళ్ళూ నల్ల జిగురూ తీసి, ఫిల్టరు మార్చి, పంపు దగ్గరి స్క్రూ వదిలి బుడగలు ఆగేదాకా గాలి తీయడంతోనే చాలావరకు తేలిపోతుంది.

వచ్చే ఏప్రిల్ 15న మళ్ళీ నిషేధం మొదలయ్యేముందు ఇలా చేయండి. మంచినీళ్ళ డ్రమ్ములో పది పదిహేను నిమిషాలు నడిపి, నడుస్తుండగానే పెట్రోలు పైపు ఊడదీసి, దానంతట అది ఆగిపోనివ్వండి. ఆ తర్వాత కూడా గిన్నెలో కొంత మిగులుతుంది, డ్రెయిన్ స్క్రూ విప్పి అదీ తీసేయండి. ఈ ఆఖరి ముక్క వదిలేసినవాళ్ళ ఇంజిన్లే జూన్‌లో వరసగా వస్తాయి. ఒక్కో సిలిండర్లో చెంచా ఆయిలు వేసి నెమ్మదిగా రెండుమూడు లాగులు లాగి ప్లగ్గులు బిగించండి. గేరు ఆయిలు నిలవ పెట్టేముందే మార్చండి. నీళ్ళు చేరిన ఆయిలు రెండు నెలలు లోపలే ఉంటే గేర్లు తుప్పు పడతాయి. ఇంజిను నిలువుగా, నీడలో, గాలి తగిలేలా ఉంచండి. టార్పాలిన్‌తో ఊపిరాడకుండా కట్టేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. ట్యాంకు ఖాళీ చేసేయండి.

ముందు సీసాలో పెట్రోలు ఎలా ఉందో, బల్బు గట్టిపడి నిలుస్తోందో లేదో, పడిపోయేటప్పుడు బల్బు నొక్కితే ఏమవుతోందో చూసి రాయండి. గేజి దొరికితే రెండు సిలిండర్ల అంకెలు కూడా. ఇంజిను కంపెనీ, మోడల్ నంబరు చెప్తే జెట్టు నంబరు, ఎయిర్ స్క్రూ చుట్లు సరిపోయాయో లేదో చెప్పగలను.